మూత్రపిండ వ్యాధులు — ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొను మాంసకృత్తులు

మానవ శరీరమున రేయింబవళ్లు విశ్రాంతి యెరుగక శ్రమించు అవయవములలో హృదయము తరువాత మూత్రపిండములనే చెప్పవలెను. గుండె కొట్టుకొనుట చేతికి తెలియును. ఊపిరి ఆడుట కంటికి కనబడును. మూత్రపిండముల పనియైనను, వాని బాధయైనను మనుష్యునకు తెలియదు. ఈ మౌనమే వాని వ్యాధికి బలము. సగము శక్తి నశించువరకు చాలమందికి ఆకలి తగ్గదు, నిద్ర చెడదు, సామాన్యమైన రక్తపరీక్షలో సైతము దోషము స్పష్టముగా కానరాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమున కొన్ని దశాబ్దములుగా ఇట్లే జరుగుచున్నది. ఆ జిల్లానుండి పొట్టకూటికై చెన్నపట్టణపు రేవులకును, కట్టడపు పనులకును వలస వచ్చినవారు కలరు. కావున ఉద్దానపు వ్యాధిని ఎన్నూరులోని తెలుగువారు దూరపు వార్తగా చదివి విడువదగదు.

ఈ వ్యాధి దేనివలన పుట్టుచున్నదను ప్రశ్న ఒకటి. మూత్రపిండమునకు తగిలిన దెబ్బ ఒకనిలో మానిపోవుటకును, వేరొకనిలో పీచుకట్టి పిండమునే ఎండగట్టుటకును కారణమేమను ప్రశ్న మరియొకటి. మొదటి ప్రశ్న నీరు, నేల, ఎండ, మందులు మున్నగువానికి సంబంధించినది. రెండవది జీవకణము లోపల జరుగు వ్యవహారము. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము వెదకు శాస్త్రజ్ఞుల దృష్టి ఇటీవల ఒక జాతి మాంసకృత్తులపై, అనగా ప్రోటీనులపై, నిలిచినది. అవియే ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొను మాంసకృత్తులు. వాని స్వభావమును, మూత్రపిండ వ్యాధులలో వాని పాత్రను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. మూత్రపిండము చేయు పని

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల నెఫ్రానులు గలవు. ప్రతి నెఫ్రానుకును రెండు భాగములు. మొదటిది సన్నని రక్తనాళముల గుచ్ఛము, ఇది జల్లెడవంటిది. రెండవది ఆ జల్లెడనుండి దిగిన నీటిని గ్రహించు పొడవైన నాళిక. దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము ఈ జల్లెడలగుండా దిగును. అందు నూటికి తొంబదితొమ్మిది వంతులు నాళికలు మరల రక్తములోనికి చేర్చును. మిగిలిన లీటరున్నర మాత్రమే మూత్రముగా వెలువడును.

ఇంత నీటిని, దానితో ఉప్పును, చక్కెరను, ఇతర పోషకములను వెనుకకు మోయుటకు నాళికల కణములకు ఎంతయో శక్తి కావలెను. ఆ శక్తి ఎ.టి.పి. అను రసాయనమునుండి లభించును. ఇక్కడ తెలుగువారు గర్వముతో స్మరింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఎ.టి.పి.ని కనుగొనెను. ఎ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుగొనెను.

ఈ రెండు ద్రవ్యములును మూత్రపిండ శాస్త్రమునకు సంబంధించినవే. కండరములలోని క్రియాటిను, ఫాస్ఫోక్రియాటినులలో నూటికి ఒకటి రెండు వంతులు ప్రతి దినము క్రియాటినినుగా మారి రక్తములో చేరును. మూత్రపిండములు దానిని బయటికి పంపును. అవి చెడినచో క్రియాటినిను రక్తములో పేరుకొనును. వైద్యశాలలో కొలుచు క్రియాటినిను ఇదియే. అయితే పిండముల శక్తి సగము నష్టమగువరకు ఈ అంకె అంతగా పెరుగదు. వ్యాధిని ముందుగా పసిగట్టుటకు కణము లోపలికి చూడవలసివచ్చుట ఇందువలననే.

2. నోటీసును బంట్రోతును

కణము లోపలి వ్యవహారమును గ్రహించుటకు ఒక పాఠశాలను ఊహించుకొనవచ్చును. ప్రధానోపాధ్యాయుని గదిలో మూల రిజిస్టరొకటి ఉండును. అది గది దాటి బయటికి రాదు. అందలి విషయమును ఒక నోటీసుగా వ్రాయించి బంట్రోతుచేత తరగతులకు పంపుదురు. తరగతిలో దానిని చదివి, అందున్నట్లు పని జరిపింతురు. పని తీరిన పిమ్మట నోటీసు చెత్తబుట్టలో పడును.

కణములోని కేంద్రకమున ఉండు డి.ఎన్.ఏ. ఆ మూల రిజిస్టరు. దానినుండి వ్రాయబడిన నోటీసే వార్తాహర ఆర్.ఎన్.ఏ. దీని ఉనికి 1961లో నిరూపితమైనది. కేంద్రకము వెలుపల రైబోజోములు ఆ నోటీసును చదివి మాంసకృత్తులను తయారుచేయును. ఈ మార్గమంతటను నోటీసును పట్టుకొని నడిపించు బంట్రోతులే ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొను మాంసకృత్తులు. నోటీసులో అనవసరమైన భాగములను కత్తిరించుట, కేంద్రకమునుండి బయటికి తెచ్చుట, ఏ మూలకు చేర్చవలెనో అక్కడికి చేర్చుట, చదువనిచ్చుట లేక ఆపుట, తుదకు చించివేయుట — ఇవన్నియు వాని విధులు. 2014లో ప్రకటితమైన ఒక గణనమునుబట్టి మానవ శరీరమున ఇట్టివి 1,500కు మించియున్నవి.

ఒక నోటీసు పది నిమిషములలో చింపబడినచో తయారగు సరకు కొంచెము. అదే నోటీసు పది గంటలు గోడపై నిలిచినచో తయారగు సరకు మెండు. మూల రిజిస్టరులో అక్షరమైన మారకున్నను, నోటీసు ఆయుర్దాయము మారుటచేతనే కణము నడక మారిపోవును. వాపును పుట్టించు మాంసకృత్తుల నోటీసులకు సామాన్యముగా అల్పాయుష్షు విధింపబడియుండును. వాని తోకభాగమున ‘ఎ’, ‘యు’ అను అక్షరములు పదేపదే వచ్చు వరుస ఒకటి కలదు. ఈ వరుస ఉన్న నోటీసు త్వరగా నశించునని 1986లో తేలినది. ఆ తోకను ఏ బంట్రోతు పట్టునో దానినిబట్టి నోటీసు బ్రతుకుటయో చచ్చుటయో నిర్ణయమగును.

3. రక్షణమునుండి హానికి

ఆ తోకను పట్టువానిలో హెచ్‌యుఆర్ అనునది ముఖ్యమైనది. ఆరోగ్యవంతమైన కణమున ఇది చాలవరకు కేంద్రకములోనే నివసించును. కణమునకు ఆపద కలిగినపుడు వెలుపలికి వచ్చి, తాను పట్టుకొన్న నోటీసులు చెడకుండ కాపాడును. రక్తప్రసారము తగ్గి నాళిక కణములలో ఎ.టి.పి. కొరవడినపుడు ఇట్లు జరుగునని ప్రయోగశాలలో పెంచిన కణములపై చేసిన పరిశోధనలు చూపినవి. అట్టి వేళ హెచ్‌యుఆర్ కాపాడు నోటీసులలో కణము చావకుండ నిలుపునవి కలవు. హెచ్‌యుఆర్ తక్కువగా ఉన్న కణములు ఆ ఆపదలో ఎక్కువగా చనిపోయినవి. ఇంతవరకు అది రక్షకుడే.

ఆపద తీరి కణము కుదుటపడినచో హెచ్‌యుఆర్ తన గూటికి తిరిగిపోవలెను. ఆపద తీరకున్నను, మరల మరల వచ్చుచున్నను, అది వెలుపలనే నిలిచిపోవును. అప్పుడు అది వాపును పెంచు మాంసకృత్తుల నోటీసులను, పీచును పుట్టించు టి.జి.ఎఫ్. బీటా అనుదాని నోటీసును సైతము నిలుపును. పీచు పుట్టిన చోట పనిచేయు కణములుండవు. మధుమేహము గల ఎలుకలలోను, జల్లెడ భాగమునకు వాపు కలిగించిన ఎలుకలలోను ఈ మాంసకృత్తి అధికముగా ఉన్నట్లును, దాని పట్టును సడలించు రసాయనములను ఇచ్చినపుడు పీచుకట్టుట తగ్గినట్లును పరిశోధకులు కనుగొనిరి. ఇవి జంతువులపై తేలిన ఫలితములు. రోగులకిచ్చు మందుగా ఇంకను రూపొందలేదు.

హెచ్‌యుఆర్‌కు ఎదురుగా నిలుచు బంట్రోతు ట్రిస్టెట్రాప్రోలిన్. ఇదియు అట్టి తోకనే పట్టును. కాని పట్టినదానిని చించివేయు యంత్రమునకు అప్పగించును. ఈ మాంసకృత్తి లేకుండ పుట్టించిన ఎలుకలు కీళ్లవాపుతోను, శరీరశోషణముతోను కృశించినవని 1996లో ప్రకటితమైనది. వాపును పుట్టించు టి.ఎన్.ఎఫ్. అనుదాని నోటీసును చించువారు లేకపోవుటయే దానికి హేతువు. మధుమేహమువలన మూత్రపిండములు చెడినవారిలో ఇది తగ్గియున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. ఒక చేయి నిలుపుట, ఒక చేయి చించుట — ఈ రెండింటి తూకము చెడుటయే దీర్ఘవ్యాధికి ఒక మెట్టు.

4. తిత్తులును, రోగుల పేర్లు దాల్చిన మాంసకృత్తులును

వంశపారంపర్యముగా వచ్చు మూత్రపిండ వ్యాధులలో పిండమంతయు నీటి తిత్తులతో నిండిపోవు వ్యాధి ప్రసిద్ధమైనది. పి.కె.డి.1, పి.కె.డి.2 అను జన్యువులలో దోషము దీనికి ముఖ్యకారణము. బైకాడల్-సి అను ఆర్.ఎన్.ఏ. బంట్రోతు లోపించిన ఎలుకలకును ఇట్టి తిత్తులే ఏర్పడినవి. ఆ మాంసకృత్తి పి.కె.డి.2 నోటీసును శత్రువునుండి కాపాడుచున్నదని 2010లో తేలినది. ఆ శత్రువు మిర్-17 అను సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. ఒక మూల రిజిస్టరు సరిగానే ఉండి, దాని నోటీసును కాచువాడు లేకున్నను వ్యాధి కలుగగలదని ఈ ఉదాహరణమువలన తెలియుచున్నది.

మరియొక సంబంధము వైద్యశాలలలో ప్రతిదినము కనబడునదే. లూపస్ అను వ్యాధిలో శరీరపు రక్షకబలము తన కణములపైననే తిరుగబడును. ఇది యువతులలో అధికము. రక్తమున ఏర్పడిన ప్రతిరక్షక సమూహములు మూత్రపిండపు జల్లెడలో చిక్కుకొని దానిని చెరచును. ఈ వ్యాధిని గుర్తించు పరీక్షలలో ‘ఎస్.ఎమ్.’, ‘లా’ అను పేర్లు కలవు. ఇవి ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొను మాంసకృత్తులే. రోగి శరీరము వానినే శత్రువులుగా భావించుచున్నది. 1966లో కనుగొనబడిన ఎస్.ఎమ్.కు ఆ పేరు ఒక రోగిణి ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరములనుండి వచ్చినది. హెచ్‌యుఆర్‌లోని ‘హెచ్‌యు’ సైతము వేరొక రోగి ఇంటిపేరునుండియే కలిగినది. 1979లో లూపస్ రోగుల రక్తమును సాధనముగా గొనియే నోటీసులను కత్తిరించు యంత్రపు భాగములు గుర్తింపబడినవి. రోగుల బాధనుండి పుట్టిన జ్ఞానము మరల రోగులకే ఉపకరింపవలెననుటకు ఈ పేర్లు సాక్ష్యము.

5. ఔషధముగా మారిన జ్ఞానము

ఈ శాస్త్రము కేవలము పుస్తకములలోనే నిలిచిపోలేదు. ఆర్గొనాట్ అను మాంసకృత్తి ఒకటి కలదు. ఇది ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. తునకను గుర్తుచీటివలె పట్టుకొని, దానికి సరిపోవు నోటీసును వెదకి ధ్వంసముచేయును. చిన్న ఆర్.ఎన్.ఏ.లవలన జన్యువుల నోరు మూయించు ఈ విధానమును 1998లో వెల్లడించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమానము లభించినది.

పుట్టుకతో వచ్చు హైపర్ఆక్సలూరియా అను అరుదైన వ్యాధి యొక్క మొదటి రకములో కాలేయము ఆక్సలేటును మితిమీరి తయారుచేయును. అది మూత్రపిండములలో రాళ్లుగాను, స్ఫటికములుగాను పేరుకొని, పలువురికి బాల్యముననే పిండములను నాశనముచేయును. 2020లో అమెరికాలోను, ఐరోపాలోను అనుమతి పొందిన లుమాసిరాన్ అను సూదిమందు కాలేయ కణములలోని ఆర్గొనాట్‌కు ఒక గుర్తుచీటి అందించును. ఆక్సలేటు తయారీకి తోడ్పడు నోటీసు అంతట నశించును, ఆక్సలేటు తగ్గును. మూత్రపిండమును కాపాడుటకు ఆర్.ఎన్.ఏ. బంట్రోతును పనిలోనికి దించిన స్పష్టమైన ఉదాహరణము ఇది.

6. ఉద్దానము

ఈ జ్ఞానమును ఉద్దానమునకు ఎట్లు అన్వయింపవచ్చును? కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములతో కూడిన ఈ సీమ కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు పేరుగన్నది. పచ్చని తోటలవలననే దానికి ఉద్దానమను పేరు చెల్లినది. అట్టి చోట వయోజనులలో సుమారు నూటికి 18 మందికి దీర్ఘ మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు 2019లో ప్రకటితమైన ఒక సర్వే తెలిపినది. వారిలో అధికసంఖ్యాకులకు మధుమేహము వంటి తెలిసిన కారణమేదియు లేదు. ఈ వ్యాధి మొదట జల్లెడను గాక నాళికలను, వాని నడుమనున్న భాగమును చెరచును. కావున మూత్రములో మాంసకృత్తులు అంతగా పోవు. వ్యాధి మౌనముగా ముదురుటకు ఇదియొక కారణము.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రములోని వరిరైతులలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెరకు నరకు కూలీలలోను ఇట్టి వ్యాధియే ప్రబలినది. తీవ్రమైన ఎండలో చెమటోడ్చుట, తగినంత నీరు త్రాగకపోవుట, పురుగుమందులు, త్రాగునీటిలోని ఖనిజములు, నొప్పి మాత్రల అతివాడకము, వంశలక్షణము — ఈ కారణములన్నియు పరిశోధింపబడినవి. ఏ ఒక్కటియు ఏకైక కారణమని నిలువలేదు.

2014లో ప్రకటితమైన ఒక ప్రయోగమున ఎలుకలకు మాటిమాటికి నీటికొరత కలిగింపగా వాని నాళికలకు దెబ్బ తగిలినది. నీరు కొరవడిన మూత్రపిండము తనలోనే ఫ్రక్టోజు అను చక్కెరను తయారుచేసికొనును. దానిని విరుచుటలో ఎ.టి.పి. ఖర్చగును. ఫ్రక్టోజును విరుచు ఎంజైము లేని ఎలుకలకు ఆ హాని తప్పినది. ఎ.టి.పి. కొరతవలన హెచ్‌యుఆర్ కేంద్రకమును విడుచునని పైన చెప్పబడినది. ఈ రెంటిని జోడించి చూచినచో దినదినము ఎండలో ఎండిన శ్రామికుని నాళికలలో రక్షకుడు తన గూటికి తిరిగిపోవుటకు వ్యవధి లేకుండుననియు, దెబ్బ మానక పీచుకట్టుననియు ఊహింపవచ్చును. ఇది ఊహయే, ఉద్దానపు రోగుల కణజాలమున పరీక్షించి నిర్ధారింపవలసినది. కాని పరీక్షింపదగిన ఊహ. అది నిజమైనచో క్రియాటినిను పెరుగకముందే వ్యాధిని పసిగట్టుటకు మార్గము దొరకవచ్చును.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రియు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీటిని తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. చికిత్సయు, నీరును, పరిశోధనయు ఒక్కచోట కలియుట మేలైన సూచన. రోగులకు సమీపముననున్న పరిశోధన కేంద్రమున ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుట సాధ్యము.

7. ఎన్నూరున గ్రహింపదగినది

ఎన్నూరు పరిసరములలో రేవు, కర్మాగారములు, ఉప్పుమడులు, చేపల వేట — అన్నియు ఎండతో కూడిన శ్రమలే. తమిళనాడులోని ఉప్పుమడుల కార్మికులపై జరిగిన పరిశోధన వారిలో పెక్కుమంది ఆరోగ్యపరిమితిని మించిన వేడిమిలో పనిచేయుచున్నారనియు, కొందరికి మూత్రపిండముల శక్తి తగ్గియున్నదనియు చూపినది. బొగ్గు విద్యుత్కేంద్రముల బూడిద ఇక్కడి ఉప్పుటేటిలో చేరిన విషయము అందరికి తెలిసినదే. బొగ్గు బూడిదలో కొద్దిగనైనను బరువు లోహములుండును. వానిలో కాడ్మియము నాళికలను చెరచునని జపానులోని జింజూ నదీతీరపు ప్రజల బాధ లోకమునకు నేర్పినది. ఆ వ్యాధికి కాలుష్యమే కారణమని అక్కడి ప్రభుత్వము 1968లో అంగీకరించినది.

కణములోని బంట్రోతులను అదుపుచేయు మందులు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 1997లో డాక్టర్ ఎం.కె. మణి నేతృత్వమున కిడ్నీ హెల్ప్ ట్రస్టు చెన్నైకి సమీపమున సుమారు 25,000 జనాభా గల గ్రామములలో ఒక కార్యక్రమము నారంభించినది. గ్రామములలోని యువతులకే శిక్షణమిచ్చి, ఇంటింటికి పంపి, మూత్రపరీక్షయు రక్తపోటు పరీక్షయు చేయించి, చౌకమందులతో మధుమేహమును రక్తపోటును అదుపులో నుంచిరి. ఖర్చు అల్పము, ఫలము అధికము. మధ్య అమెరికాలోని చెరకుతోటలలో నీడ, విశ్రాంతి, నీరు — ఈ మూడింటిని నియమముగా సమకూర్చినపుడు కూలీల మూత్రపిండములకు హాని తగ్గినది.

ఈ ఉదాహరణములు చూపు మార్గము తేటతెల్లము. ఎండలో పనిచేయువారు దాహమగువరకు ఆగక నీరు త్రాగవలెను. పని నడుమ నీడపట్టున విశ్రమింపవలెను. ఒళ్లునొప్పులకు వైద్యుని సలహా లేక దినదినము మాత్రలు మ్రింగరాదు. మధుమేహము, రక్తపోటు ఉన్నవారును, ఉద్దానమువంటి సీమలనుండి వచ్చినవారును, ఇంటిలో మూత్రపిండ వ్యాధి గలవారును బాధ లేకున్నను ఏటేట మూత్రమును, క్రియాటినినును పరీక్షింపించుకొనవలెను. పనిచేయించువారు నీటిని, నీడను దయగా గాక విధిగా సమకూర్పవలెను.

ప్రకృతి కణమునకు ఆపదలో ఆదుకొను రక్షకుని ఇచ్చినది. ఆపద తీరిన వెనుక ఆ రక్షకుడు గూటికి చేరుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధిని శ్రామికుని శరీరమునకు కలిగించుట నీటితోడను, నీడతోడను, సకాలమున చేయించు పరీక్షతోడను నేడే సాధ్యమగు పని. ఉద్దానమున పచ్చని తోటల నడుమ మౌనముగా సాగిన వ్యాధి ఉప్పుగాలి వీచు ఈ తీరమున సాగకుండ చూచుకొనుట ఇక్కడి తెలుగు కుటుంబములన్నిటి బాధ్యత.